టీఎస్‌హెచ్ పెరిగితే షుగరు ఉన్నవారి రెటీనాకు ముప్పు ఉందా?

తెనాలి అమ్మాయి: మా అమ్మకు చాలా ఏళ్లుగా షుగరు ఉంది. ఇటీవల తీసిన రెటీనా (కంటి లోపలి వెనుక పొర) ఫొటోలో చిన్న రక్తపు చుక్కలు, పసుపు మచ్చలు కనిపించాయి. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్) 7.2 వచ్చింది, టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్) మాత్రం సరిగానే ఉంది. థైరాయిడ్ మాత్ర మొదలుపెడితే కంటికి మేలు జరుగుతుందా?

ఓరుగల్లు వాసి: థైరాయిడ్ కంటిని ఎంత బాధపెడుతుందో నన్నడగండి. థైరాయిడ్ అతిగా పనిచేసే గ్రేవ్స్ వ్యాధితో నా కళ్లు ముందుకు పొడుచుకొచ్చాయి, రెప్పలు పూర్తిగా మూతపడవు, పక్కకు చూస్తే ఒక మనిషి ఇద్దరుగా కనిపిస్తాడు. వాపు తగ్గడానికి స్టెరాయిడ్ ఎక్కించినప్పుడు షుగరు పట్టపగ్గాల్లేకుండా పెరిగి, ఇన్సులిన్ పెట్టవలసి వచ్చింది. సిగరెట్ తాగేవారికి ఈ జబ్బు ఇంకా ముదురుతుంది.

కంటిపాప: రోజూ రెటీనా ఫొటోలు తీసే ఆప్టోమెట్రిస్టుగా చెబుతున్నాను, దయచేసి రెండింటినీ కలపకండి. మీది కంటిగుంతలోని కండరాలకు, కొవ్వుకు వచ్చిన వాపు. ఆ అమ్మాయి అడిగినది రెటీనాలోని సన్నని రక్తనాళాల సంగతి. టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగిన షుగరు రోగుల్లో రెటినోపతి (షుగరు వల్ల రెటీనా దెబ్బతినడం) ఎక్కువగా కనిపిస్తోందని పలు అధ్యయనాలు చెప్పాయి కానీ, ఒకటి రెండోదానికి కారణమని ఇంతవరకు రుజువు కాలేదు. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) పెరుగుతుంది. ఆ పసుపు మచ్చలు రక్తనాళాల నుంచి కారి పేరుకున్న కొవ్వు, ప్రొటీన్లే కాబట్టి లిపిడ్ పరీక్ష (రక్తంలోని కొవ్వుల పరీక్ష) తప్పక చేయించండి.

గోదావరి గట్టు: ఇన్ని మాటలెందుకు? థైరాయిడ్ మాత్ర మొదలుపెట్టాక నా హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు షుగరు) 8.1 నుంచి 7.4కు దిగింది. షుగరు దిగితే కంటికి మేలే కదా!

ల్యాబ్ మిత్రుడు: షుగరు నిజంగా దిగిందని ఆ ఒక్క అంకెతో చెప్పలేము. థైరాయిడ్ తక్కువగా ఉన్నప్పుడు కొత్త ఎర్ర రక్తకణాల తయారీ మందగిస్తుంది. పాత కణాలు ఎక్కువగా ఉండిపోవడం వల్ల హెచ్‌బీఏ1సీ అసలుకన్నా ఎక్కువ చూపిస్తుంది. మాత్రతో కొత్త కణాలు వస్తే, షుగరులో మార్పు లేకపోయినా ఆ అంకె దిగవచ్చు.

గోదావరి గట్టు: అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను, తెల్లవారుజామున నడిచాను. అదంతా అబద్ధమంటారా? రిపోర్టు చేతికిచ్చేది మీరే, నమ్మవద్దనేదీ మీరే!

ల్యాబ్ మిత్రుడు: మీ కష్టాన్ని నేను తక్కువ చేయలేదండీ. పరగడుపు, భోజనం తరువాతి రీడింగులు కూడా దిగి ఉంటే మీరన్నదే నిజం. ఐరన్ లోపం ఉన్నవారిలోనూ హెచ్‌బీఏ1సీ ఇలాగే ఎక్కువ చూపించవచ్చు.

గోదావరి గట్టు: దిగాయి. పుస్తకంలో తేదీలతో సహా రాసి పెట్టుకున్నాను.

డాలస్ కోడలు: మాత్ర సంగతి వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా అత్తగారు దాన్ని కాఫీతో మింగి, వెంటనే కాల్షియం వేసుకునేవారు. పరగడుపున నీళ్లతో మింగి, టిఫినుకు అరగంట నుంచి గంట ఆగి, కాల్షియం, ఐరన్ మాత్రలకు నాలుగు గంటల ఎడం పాటించాకే టీఎస్‌హెచ్ దారికొచ్చింది.

కంటిపాప: అసలు తెనాలి అమ్మాయి వాళ్లమ్మకు మాత్ర అవసరమో కాదో తేలనిదే ఈ చర్చ ఎందుకు? టీ4 సరిగా ఉండి టీఎస్‌హెచ్ 10 లోపుంటే, ముఖ్యంగా పెద్ద వయసువారికి, చాలాసార్లు కొంతకాలం ఆగి మళ్లీ పరీక్షిస్తారు. మోతాదు మించితే గుండె లయ తప్పవచ్చు, ఎముకలు గుల్లబారవచ్చు. రెటీనా వైద్యాన్ని మాత్రం థైరాయిడ్ కోసం ఆపకండి. మందుల్లో పయోగ్లిటజోన్ అనే షుగరు మాత్ర ఉంటే కంటి డాక్టరుకు చెప్పండి, దానివల్ల రెటీనా మధ్యభాగంలో నీరు చేరే ప్రమాదం ఉంది.

తెనాలి అమ్మాయి: చీటీలో ఆ మందు ఉందండీ! రేపే ఇద్దరు డాక్టర్లకూ చూపిస్తాను.

ల్యాబ్ మిత్రుడు: అమ్మగారు జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతున్నారేమో కూడా అడగండి. దానివల్ల కొన్ని యంత్రాల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. రెండోసారి పరీక్ష కూడా అదే ల్యాబ్‌లో చేయిస్తే పోల్చి చూడటం తేలిక.