చర్చ: కందిరీగకు లేని స్వేచ్ఛ మనిషికి ఉందా?

మల్లేశ్వరం మూర్తి:
పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. జంతువుల విషయంలో ఇది అక్షరాలా నిజమనీ, మనిషి ఒక్కడే దాన్ని దాటగలడనీ నా వాదన. ఖండించేవాళ్లు ఉదాహరణలతో రండి.

స్ఫెక్స్ అనే కందిరీగ కీచురాయిని కుట్టి కదలకుండా చేస్తుంది. మీసాలు పట్టుకుని బొరియ దాకా ఈడ్చుకొస్తుంది. గుమ్మం దగ్గర వదిలి, తానొక్కతే లోపలికెళ్లి చూసుకుని, బయటికొచ్చి అప్పుడు లాక్కెళ్తుంది. ఫ్రాన్సు కీటక శాస్త్రజ్ఞుడు ఫాబ్ర్ అది లోపలున్న సమయంలో కీచురాయిని కొంచెం పక్కకు జరిపాడు. బయటికొచ్చి మళ్లీ గుమ్మం దాకా తెచ్చి, మళ్లీ లోపలికెళ్లి చూసింది. 40 సార్లు జరిపితే 40 సార్లూ అదే తంతు. జంతు ప్రవర్తన శాస్త్రజ్ఞులు లోరెంజ్, టిన్‌బర్గెన్ 1938లో గ్రేలాగ్ బాతు గురించి రాసిందీ ఇలాంటిదే. గూట్లోంచి దొర్లిన గుడ్డును ముక్కు కింద ఆనించి వెనక్కి లాక్కుంటుంది. మధ్యలో గుడ్డు తీసేసినా మెడ లాగడం ఆగదు. యంత్రం కాక మరేమిటిది? మనిషి అలా కాదు. కడుపు కాలుతున్నా ఏకాదశి ఉపవాసం ఉంటాడు.

బన్నేరుఘట్ట బాబు:
40 సార్లు అదే తంతు అంటే మా అపార్ట్‌మెంట్ జనరల్ బాడీ మీటింగ్ గుర్తొస్తోందండీ.

కిరణ్మయి, యశ్వంతపుర:
మూర్తి గారూ, మీరు చెప్పింది సగం కథే. బయట ప్రచారంలో ఉన్నదీ ఆ సగమే. అదే ఫాబ్ర్ ఇదే పరీక్ష మరో గుంపు కందిరీగల మీద చేశాడు. అవి రెండు మూడు సార్లు చూసి, ఆ తర్వాత తనిఖీ మానేసి కీచురాయిని నేరుగా లోపలికి ఈడ్చుకుపోయాయి. ఆయనే రాసుకున్న సంగతి ఇది. తర్వాతి తత్వవేత్తలకు 40 అనే అంకె నచ్చింది, రెండో గుంపు అక్కర్లేకపోయింది.

అసలు ఫ్రాన్సు దాకా ఎందుకు? ఐఐఎస్‌సీ (భారతీయ విజ్ఞాన సంస్థ)లో రాఘవేంద్ర గడగ్కర్ దశాబ్దాల పాటు పరిశీలించిన రోపాలిడియా మార్జినేటా మన బెంగళూరు కందిరీగే. కాగితం లాంటి గూడు కడుతుంది. గూటికి ఒకటే రాణి. తేనెటీగల్లో రాణిని చూడగానే పోల్చుకోవచ్చు, ఇక్కడ రాణికీ కూలీకీ రూపంలో తేడా ఉండదు. పైగా రాణి చాలా సాధువు, ఎవరి మీదా పడదు. దాన్ని గూట్లోంచి తీసేస్తే నిమిషాల్లోనే ఒకే ఒక్క కూలీ ఉగ్రరూపం ఎత్తుతుంది. రాణిని తిరిగి పెడితే చల్లబడుతుంది. పెట్టకపోతే దాని అండాశయాలు ఎదిగి, వారం అటూఇటూగా గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది, దూకుడూ తగ్గుతుంది. ఆడ కందిరీగకు ఈ గూట్లోనే కూలీగా ఉండిపోవడం, వారసత్వం కోసం కాచుకోవడం, వేరుపడి సొంత గూడు పెట్టడం అని మూడు దారులున్నాయి. ఏ దారి పడుతుందనేది లార్వాగా ఉన్నప్పుడు దొరికిన తిండి మీద కొంత, గూట్లో ప్రస్తుత పరిస్థితి మీద కొంత ఆధారపడుతుంది.

ఇంకోటి. చెట్టు కీచురాళ్లలో ఈకాంథస్ హెన్రీ అనే జాతి ఉంది. రెక్కకు రెండు వైపులా పుట్టే ధ్వని తరంగాలు అంచుల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి కాబట్టి చిన్న పురుగు ఎంత అరిచినా పాట దూరం పోదు. అందుకని కొన్ని మగవి ఆకు మధ్యలో కన్నం కొరికి, అందులో నిలబడి, రెక్కలను ఆకుకు సమంగా పరిచి పాడతాయి. చప్పుడు రెండు మూడు రెట్లు పెరుగుతుంది. రోహిణి బాలకృష్ణన్ బృందం 2020లో ప్రచురించిన దాని ప్రకారం ఈ పని ఎక్కువగా చేసేవి చిన్న సైజువీ, గొంతు తక్కువవీ. పెద్ద గొంతున్నవి ఆ శ్రమ పెద్దగా పెట్టుకోవు.

దీన్ని స్వేచ్ఛ అని నేననను. కానీ మీట నొక్కితే ఒకే చర్య బయటికొస్తుందనే మీ బొమ్మకు ఇది సరిపోదు.

సుధీర్ (నాడీ):
కిరణ్మయి గారు కందిరీగను పైకి లేపుతున్నారు, నేను మనిషిని కిందికి దించుతాను.

అమెరికా నాడీ శాస్త్రజ్ఞుడు బెంజమిన్ లిబెట్ 1983లో ప్రచురించిన ప్రయోగం ఇది. మనిషి ముందు 2.56 సెకన్లకు ఒక చుట్టు తిరిగే చుక్క ఉంటుంది. ఇష్టం వచ్చినప్పుడు మణికట్టు కదపాలి. కదపాలన్న కోరిక కలిగిన క్షణంలో చుక్క ఎక్కడుందో తర్వాత చెప్పాలి. కోరిక కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు నమోదైంది. నడినెత్తి మీది ఈఈజీ (మెదడు విద్యుత్తును కొలిచే పరీక్ష) ఎలక్ట్రోడ్ దగ్గర సన్నద్ధతా విద్యుత్తు, అంటే కదలికకు ముందు మెదడులో మెల్లగా లేచే విద్యుత్తు, మాత్రం సుమారు 550 మిల్లీసెకన్ల ముందే లేచింది. మెదడు బయల్దేరాక మనకు కబురందుతోంది. 2008లో జర్మనీలో ఎఫ్ఎంఆర్ఐతో (మెదడులో రక్త ప్రసరణ మార్పులు చూపే స్కాన్), కుడి బటనా ఎడమ బటనా అన్నది చాలా సెకన్ల ముందే పసిగట్టారు. "నేను నిర్ణయించుకున్నాను" అనేది తర్వాత అల్లుకునే మాట. ఇక ఏకాదశిదేముంది మూర్తి గారూ, పెంపకంలో పడ్డ ఇంకో మీట.

సుబ్బలక్ష్మి (ఈఈజీ):
సుధీర్ గారు అంకెలు సరిగ్గానే ఇచ్చారు. ఆ గీత ఎలా తయారవుతుందో చెప్పకపోతే మాత్రం చదివేవాళ్లు మోసపోతారు.

సన్నద్ధతా విద్యుత్తు ఒక్క ప్రయత్నంలో కంటికి కనబడదు. దాని ఎత్తు కొన్ని మైక్రోవోల్టులు. మెదడులో మామూలుగా నడిచే అలలు అంతకు ఎన్నో రెట్లు. అందుకని కండరం కదిలిన క్షణాన్ని సున్నాగా పెట్టుకుని, దాని ముందున్న రెండు మూడు సెకన్ల ముక్కలను కోసి, ఒక్కో వరసలో 40 దాకా కలిపి సగటు తీస్తారు. చిక్కంతా ఇక్కడే ఉంది. కదలిక జరిగిన ముక్కలే మన చేతికొస్తాయి. అదే విద్యుత్తు లేచి, కదలిక లేకుండా పడిపోయిన సందర్భాలు లెక్కలోకే రావు.

షర్గర్, సిట్, డెహాన్ 2012లో దీనికి వేరే లెక్క చూపించారు. మెదడులో చప్పుడు, అంటే దేనికీ సంబంధం లేని విద్యుత్తు ఊగిసలాట, ఎప్పుడూ పైకీ కిందికీ ఊగుతుంటుంది. అది ఒక గట్టు దాటితే కదలిక వస్తుంది. గట్టు దాటిన సందర్భాలనే ఏరి వెనక్కి సగటు తీస్తే, చప్పుడు యాదృచ్ఛికమే అయినా, చక్కగా పైకి ఎక్కే వాలు కనిపిస్తుంది. అంటే 550 మిల్లీసెకన్ల ముందు నిర్ణయం జరిగిపోయిందని కాదు, అప్పుడు ఊపు కొంచెం గట్టు వైపు ఉందని మాత్రమే. మధ్యలో ఉన్నట్టుండి క్లిక్ వినిపించి వెంటనే కదపమని కూడా చూశారు. త్వరగా స్పందించిన సందర్భాల్లో క్లిక్‌కు ముందే విద్యుత్తు ఆ దిశలో ఉంది. ఇంకా వినపడని క్లిక్ కోసం అది సన్నాహం కాలేదు కదా.

2008 ఎఫ్ఎంఆర్ఐ సంగతి: ఊహ నిజమైంది సుమారు 60 శాతం. నాణెం ఎగరేస్తే 50. దాన్ని జాతకం చెప్పినట్టు చెప్పకండి.

అన్నిటికన్నా పెద్ద లోపం ఏమిటంటే, మణికట్టు ఇప్పుడు కదపాలా, ఇంకో క్షణం ఆగి కదపాలా అనేదానికి కారణమే లేదు. 2019లో మావోజ్ బృందం నిజంగా లెక్కలోకొచ్చే నిర్ణయాలు పెట్టింది. రెండు సేవా సంస్థల్లో దేనికి 1,000 డాలర్ల విరాళం అందాలో ఎంచుకోవాలి. ఊరికే బటన్ నొక్కే ప్రయత్నాల్లో ఆ విద్యుత్తు కనిపించింది, ఆలోచించి ఎంచిన ప్రయత్నాల్లో దాదాపు కనిపించలేదు.

మల్లేశ్వరం మూర్తి:
చూశారా! పైగా లిబెట్ కూడా స్వేచ్ఛ లేదనలేదు. చివరి క్షణంలో వద్దనుకునే అధికారం మనసుకుందని ఆయన అభిప్రాయం. ఏకాదశి సరిగ్గా అదే.

సుధీర్ (నాడీ):
ఆ "వద్దు"ను 2016లో బెర్లిన్‌లో కొలిచారు. కంప్యూటర్ సన్నద్ధతా విద్యుత్తును అప్పటికప్పుడు పట్టి ఎర్ర దీపం వెలిగిస్తుంది, మనిషి ఆగాలి. కదలికకు సుమారు 200 మిల్లీసెకన్ల ముందు దాకా ఆగగలిగారు, అది దాటాక ఆగలేకపోయారు. మంచిదే. కానీ ఆ ఆపడం ఎక్కడి నుంచి ఊడిపడింది? అదీ మెదడు పనే.

సుబ్బలక్ష్మి గారి గణాంకాలు ఒప్పుకుంటాను. ఈఈజీ పక్కన పెట్టండి, మందుల చీటీ చూడండి. పార్కిన్సన్స్ రోగులకు ప్రమిపెక్సోల్, రోపినిరోల్ వంటి మాత్రలు ఇస్తారు. ఇవి మెదడులో సంకేతాలు మోసే డోపమైన్ అనే రసాయనం గ్రాహకాలను, ముఖ్యంగా డీ3 రకాన్ని, తట్టి లేపుతాయి. 2010లో అమెరికా, కెనడాల్లో 3,000 మందికి పైగా రోగులను పరిశీలిస్తే, ఈ మాత్రలు వాడేవాళ్లలో సుమారు 17 శాతం మందిలో జూదం, అదుపులేని కొనుగోళ్లు, అతిగా తినడం, అతి కామం వంటివి కనిపించాయి. వాడనివాళ్లలో సుమారు 7 శాతం. పేకముక్క ముట్టని పెద్దమనిషి లాటరీ టికెట్ల వెంట పడతాడు. అడిగితే "నాకే ఆడాలనిపించింది" అంటాడు. డోసు తగ్గిస్తే చాలామందిలో ఆ కోరిక పోతుంది. మూర్తి గారి "వద్దు" అనే అధికారం అప్పుడు ఎక్కడికెళ్లింది?

వాణి, వకీలు:
కోర్టులకు ఈ గొడవ కొత్త కాదు. మేము మాత్రం "స్వేచ్ఛ ఉందా" అని అడగం. భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్, అంటే పాత ఐపీసీ 84, అడిగేది ఒకటే: చేసే పని ఎలాంటిదో, అది తప్పో చట్టవిరుద్ధమో తెలుసుకునే శక్తి మతిస్థిమితం లేక ఆ సమయంలో పోయిందా లేదా? తెలిసీ ఆపుకోలేకపోయాను అంటే ఆ సెక్షన్ కిందికి రాదు. కాబట్టి సుధీర్ గారి రోగి ఆఫీసు డబ్బుతో జూదమాడితే 22 కాపాడదు, శిక్ష తగ్గించమని అడుక్కోవాలి. పిల్లల విషయంలో వయసే గీత: ఏడేళ్ల లోపు నేరమే కాదు (20), ఏడు నుంచి పన్నెండు లోపు అయితే పరిణతి చూస్తారు (21). కుక్క కరిస్తే కుక్క మీద కేసుండదు, జాగ్రత్త తీసుకోని యజమాని మీద 291.

అలాగని ఇచ్ఛ అనే మాటను చట్టం గాలికి వదిలేయలేదు. 2010 నాటి సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక తీర్పు చూడండి. నార్కో, పాలిగ్రాఫ్, మెదడు తరంగాల పరీక్షలు ఒప్పుకోలు లేకుండా చేయకూడదని సుప్రీం కోర్టు చెప్పింది. మందు ఎక్కించి మాట్లాడించడం, మనిషి తానుగా మాట్లాడడం ఒకటి కాదని చట్టం గీత గీసింది. రెండూ మెదడు పనులే కదా అంటే అక్కడ చెల్లదు.

కిరణ్మయి, యశ్వంతపుర:
వాణి గారి దారే నాకూ నచ్చుతుంది. స్వేచ్ఛ ఉందా లేదా అని తల బద్దలు కొట్టుకునే బదులు, కొలవగలిగినది అడుగుదాం. ఫలితం విలువ మారితే, ఆ చర్య మళ్లీ చేసి దెబ్బ తినకముందే, ప్రవర్తన మారుతుందా? ఇది 1980ల మొదట్లో కేంబ్రిడ్జిలో ఆడమ్స్, డికిన్సన్ ఎలకల మీద చేసిన పరీక్ష.

ఎలక మీట నొక్కితే చక్కెర గుళిక వస్తుంది. బాగా నేర్చాక, మీట లేని చోట ఆ గుళిక తినిపించి లిథియం క్లోరైడ్ ఇంజెక్షన్ ఇస్తారు, కడుపులో తిప్పుతుంది. రెండు మూడు సార్లకు గుళికంటే మొహం తిప్పుకుంటుంది. అప్పుడు మళ్లీ మీట చూపిస్తారు, ఈసారి గుళిక రాదు. రాకూడదు కూడా! వస్తే రుచి చూసి అక్కడికక్కడే నేర్చుకుంటుంది, పరీక్ష చెడిపోతుంది. తలలో ఉన్న "ఈ మీట, ఆ గుళిక" అనే లంకె ఒక్కటే పనిచేయాలి. 100 సార్లు బహుమతి పొందిన ఎలకలు మీట నొక్కడం బాగా తగ్గించాయి. 500 సార్లు పొందినవి పట్టించుకోకుండా నొక్కుతూనే పోయాయి. ఒకే జాతి, ఒకే మీట. మొదటిది ఎంచుకుంది, రెండోది అలవాటుకు లొంగింది.

మనిషినీ ఇదే గీటురాయి మీద పెట్టారు. 2011లో అమెరికాలో సినిమా హాల్లో ఏడు రోజుల పాత పాప్‌కార్న్ ఇచ్చారు. హాల్లో పాప్‌కార్న్ తినే అలవాటు బలంగా ఉన్నవాళ్లు, బాగాలేదని చెబుతూనే, తాజాదంత తిన్నారు. అలవాటు లేని చేత్తో తినమంటే తగ్గించారు. మూర్తి గారూ, ఆ హాల్లో స్ఫెక్స్ ఎవరు?

అందుకే గీత జాతికీ జాతికీ మధ్య లేదంటాను. ఒకే ప్రాణిలో, ఒక్కో పనికీ ఒక్కో చోట ఉంది. బండీపుర్‌లో కోతులు రోడ్డు మీద మనుషులను తిండి అడిగే తీరు చూడండి, బెంగళూరులోని ఎన్ఐఏఎస్ పరిశోధన సంస్థ వాళ్లు 2018లో ప్రచురించారు. కూ అని పిలుస్తాయి, చెయ్యి చాస్తాయి. మన చూపు తమ మీదుందా అని చూసుకుంటాయి, ఆగుతాయి, ఇవ్వకపోతే మళ్లీ అడుగుతాయి. పుట్టుబుద్ధిలో మనిషిని అడుక్కునే అధ్యాయం ఉండే అవకాశం లేదు.

బన్నేరుఘట్ట బాబు:
మా కుక్క మీద ఈ పరీక్ష చేయొచ్చా? ఇంజెక్షన్ గట్రా లేకుండా.

కిరణ్మయి, యశ్వంతపుర:
చేయొచ్చు. విషం బదులు కడుపు నింపడం వాడండి. రెండు పనులు నేర్పండి: ముక్కుతో గంట తాకితే ఉడికించిన గుడ్డు ముక్క, కాలితో చాప తడితే ఉప్పు లేని చికెన్ ముక్క. వేర్వేరు పూటల్లో, ఒక్కోదానికి 50 బహుమతులు దాటకుండా. ఎక్కువైతే 500 సార్ల ఎలకే తయారవుతుంది. పరీక్ష రోజు ముందుగా గుడ్డు మాత్రం చాలనిపించేదాకా పెట్టండి. తర్వాత గంట, చాప రెండూ ఒకేసారి ముందుంచి, ఐదు నిమిషాలు ఏమీ ఇవ్వకుండా లెక్కపెట్టండి. గంట తగ్గి చాప నిలబడితే కుక్క ఫలితాన్ని తలచుకుని ఎంచినట్టు. రెండూ తగ్గితే కడుపు నిండిందంతే, ఏమీ తేలదు. మర్నాడు చికెన్‌తో నింపి తిప్పి చూడండి.

మీరు మాత్రం దాని ఎదుట ఉండకండి. బెర్లిన్‌లో లెక్కలు చేసిన క్లెవర్ హాన్స్ అనే గుర్రం, అడిగేవాళ్ల మొహంలో, తల కదలికలో జవాబు చదివిందని 1907లో తేలింది. ఏ పూట ఏ తిండి పెట్టారో తెలియని మనిషి లెక్క రాయాలి.

సుధీర్ (నాడీ):
చాప తట్టినా అది నాడీకణాల లెక్కే అవుతుందండీ, స్వేచ్ఛ కాదు.

కిరణ్మయి, యశ్వంతపుర:
అవును, నాడీకణాల లెక్కే. గంట మీదే ఉండిపోయినా నాడీకణాల లెక్కే. ఆ రెండు లెక్కలకూ తేడా ఏమిటనేదే నా ప్రశ్న, దానికి మీరింకా జవాబు ఇవ్వలేదు.

మల్లేశ్వరం మూర్తి:
పాప్‌కార్న్ దెబ్బ తగిలింది, కాదనను. కానీ కుక్క చికెన్ కోసం గుడ్డు వదులుకుంటుందే గానీ, రెండూ ఎదురుగా ఉండి, ఆకలి మీదుండి, ఏకాదశని రెండూ వదులుకోదు. అలాంటి పరీక్ష ఉంటే చెప్పండి.

కిరణ్మయి, యశ్వంతపుర:
పూర్తిగా వదులుకునేది లేదు, వాయిదా వేసేది ఉంది. 2021లో ఆక్టోపస్‌కు చుట్టమైన కటిల్‌ఫిష్ మీద చేశారు. ఎదురుగా ఉన్న మామూలు ఎరను ముట్టకుండా, మెరుగైన రొయ్య కోసం 50 నుంచి 130 సెకన్ల దాకా ఆగాయి. ఏమీ రానిదాని కోసం ఆగిన జంతువును ఎవరైనా చూపిస్తే ఆ ఒక్క మెట్టూ మీకు దక్కకుండా పోతుంది. అప్పటిదాకా అది మీదే.