మొదటి తుపాకి ఏది కొనాలి? చెనక్కాయ చేను, పందుల బెడద

చెనక్కాయ రైతు (భాకరాపేట వైపు):
అందరికీ నమస్కారం. మాది భాకరాపేట దగ్గర పల్లె. అడవి అంచున మూడున్నర ఎకరాల చేను ఉంది, బోరు కింద చెనక్కాయ వేస్తాం. కాయ ఊరే సమయానికి సరిగ్గా పందుల గుంపు దిగుతుంది. ఒక్క రాత్రిలో అర ఎకరం నాగలి పెట్టి దున్నినట్టు చేసి పోతాయి. మంచె కట్టాం, టపాకాయలు కాల్చాం, పాత చీరలు చుట్టాం. తిరుపతిలో మంగలి షాపుల నుంచి జుట్టు మూటలు తెచ్చి గట్ల మీద చల్లాం. అది ఒక వారం పనిచేసింది, తర్వాత ఆ జుట్టు మీదే తొక్కుకుంటూ వచ్చాయి.

అందుకే తుపాకి కొనాలని ఉంది. ఇంతవరకు చేతపట్టింది లేదు. ఒంటి గొట్టమా, జంట గొట్టమా, పంప్ యాక్షనా? గొట్టం ఎంత పొడవు ఉండాలి? తుపాకి వస్తే సెలవు రోజుల్లో కుందేళ్లు, కౌజులు కూడా కొట్టుకోవచ్చని మా బావమరిది ఎగురుతున్నాడు. తెలిసినవాళ్లు చెప్పండి.

వకీలు అక్క (తిరుపతి):
ముందు మీ బావమరిది సంగతి తేల్చేద్దాం. కుందేలు, కౌజు, అడవికోడి, దుప్పి, ఏదైనా సరే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నిషేధం. సొంత పొలంలో కొట్టినా వేటే, లైసెన్స్ ఉన్న తుపాకితో కొట్టినా వేటే. మామూలుగా మూడేళ్ల వరకు జైలు. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్కు హద్దు లోపల అయితే మూడేళ్లు కనీస శిక్ష, ఏడేళ్ల దాకా పోతుంది. శిక్ష పడ్డ రోజు నుంచి ఐదేళ్లు తుపాకి లైసెన్స్‌కు అర్హత కూడా ఉండదు. ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి.

పందుల సంగతి వేరు, కానీ అదీ తేలిక కాదు. పంటకు ప్రమాదమైన జంతువును కొట్టాలంటే సెక్షన్ 11 కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారం ఇచ్చిన అధికారి గానీ కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ కాగితం లేకుండా పందిని కొడితే కోర్టులో మీరు పంట పోయిన రైతు కాదు, ముద్దాయి. కూర వండుకుంటే ఇంకో కేసు.

తుపాకి లైసెన్స్ ఆయుధాల చట్టం, 1959 కింద వస్తుంది. 21 ఏళ్లు నిండాలి. పంట కాపలాకు నిజంగా అవసరమైతే గొట్టం ముందు నుంచి మందు కూరే తుపాకికి లైసెన్స్ ఇవ్వాలని సెక్షన్ 13 చెబుతోంది. అది చాలదని అధికారికి నమ్మకం కుదిరితే మామూలు నున్నటి గొట్టం తుపాకికి ఇవ్వొచ్చు. ఆత్మరక్షణకో, క్రీడకో అడిగితే గొట్టం 20 అంగుళాలకు తగ్గకూడదు. కాబట్టి దరఖాస్తులో అసలు కారణం ఏమిటో అదే రాయండి. ‘ప్రాణహాని ఉంది’ అని ఎవరో రాసిమ్మన్నారని రాస్తే పోలీసు విచారణలో ఆ ప్రాణహాని ఎవరి నుంచి అని అడుగుతారు.

ఇంకోటి, మీకు అందరికన్నా ముఖ్యం. అభయారణ్యానికి, నేషనల్ పార్కుకు పది కిలోమీటర్ల లోపల కొత్త లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ముందే కావాలి. భాకరాపేట, తలకోన చుట్టుపక్కల చాలా పల్లెలకు ఇదే అడ్డం పడుతుంది. తుపాకి ఎంచుకునే ముందు మీ ఊరు ఆ దూరంలో ఉందో లేదో ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో అడగండి. 2022 ఏప్రిల్ 4న జిల్లా విడిపోయింది కాబట్టి మీ దరఖాస్తు తిరుపతి కలెక్టరేట్‌కు. మొన్న ఒకాయన పాత అలవాటు కొద్దీ చిత్తూరు పోయి రెండు రోజులు తిరిగొచ్చాడు.

పాత సుబేదార్ (చిత్తూరు):
నాయనా, వకీలమ్మ చెప్పిన కాగితాలు అయ్యాకే నా మాట. అయినా ముందే తెలిసి ఉండటం మంచిదే, కొట్టుకు పోయాక అమ్మేవాడు చూపించిందే నచ్చుతుంది.

నా దగ్గర ఇరవై ఏళ్లుగా పన్నెండు బోరు జంట గొట్టం ఉంది. పన్నెండు బోరు అంటే, గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిపితే ఒక పౌను తూగుతాయని. వ్యాసం 18.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. కొత్తవాడికి ఇదే చాలు, తూటాలు దొరికేది కూడా ఎక్కువగా దీనికే.

ఇక రకాలు. ఒంటి గొట్టం తేలిక, చవక. కానీ తేలిక తుపాకి భుజానికి గట్టిగా తంతుంది. మూడు కిలోల లోపు తుపాకితో పది తూటాలు కాల్చిన కుర్రాడు పదకొండోసారి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్లు మూసుకోవడం నేను చాలాసార్లు చూశాను. కళ్లు మూస్తే గుండ్లు ఎటు పోయాయో దేవుడికే ఎరుక. పంప్ యాక్షన్, అంటే ముందు చెక్కను వెనక్కి లాగి తోస్తే తర్వాతి తూటా ఎక్కేది, మన తిరుచ్చిరాపల్లి ఫ్యాక్టరీలో కూడా తయారవుతుంది, గట్టి సరుకే. నాకు మాత్రం మొదటి తుపాకిగా నచ్చదు. తూటాలు నింపే కింది గొట్టంలో ఒక తూటా మిగిలిపోయినా బయటికి కనపడదు. జంట గొట్టంలా మధ్యలో విరిచే తుపాకి అయితే విరిచిన వెంటనే రెండు కన్నాల్లోంచి ఆకాశం కనిపిస్తుంది. నీకే కాదు, పక్కన నిలబడ్డవాడికీ కనిపిస్తుంది. ఇంట్లో పిల్లలున్నవాడికి దీన్ని మించిన గుణం ఇంకోటి లేదు.

మందు కూరే తుపాకి చట్టంలో సులువు కావచ్చు, కానీ మంచు పడే రాత్రి మందు చెమ్మగిల్లుతుంది, లోపల మందు ఉందో లేదో చూస్తే తెలియదు. నేనైతే ఎవరికీ చెప్పను.

నా లెక్క: జంట గొట్టం, 28 అంగుళాలు, మూడుంపావు కిలోల చుట్టూ బరువు, రెండు ట్రిగ్గర్లు. ఒక గొట్టం చోక్ పావు, రెండోది సగం. చోక్ అంటే గొట్టం మూతి దగ్గర ఉండే చిన్న బిగింపు. ఫుల్ చోక్ అయితే 40 గజాల దూరంలో 30 అంగుళాల గుండ్రంలో తూటాలోని చిన్న గుండ్లు నూటికి 70 పడతాయి, బిగింపే లేకపోతే 40. ‘దూరం పోతుంది’ అని ఫుల్ చోక్ అంటగడతారు. చీకట్లో, దగ్గర్లో అది నీకు పనికిరాదు.

దూరం మాట వచ్చింది కాబట్టి ఒకటి. సన్న గుండ్లు 35 గజాలు దాటాక గురికి పనికిరావు, కానీ రెండు వందల గజాల దాకా పోయి మనిషి కంట్లో పడగలవు. లావు గుండ్లు ఇంకా చాలా దూరం పోతాయి. పక్క చేలో మంచె మీద ఇంకో రైతు పడుకుని ఉంటాడు, మర్చిపోవద్దు.

మట్టిబిళ్లల షూటర్:
సుబేదార్ గారూ, గౌరవంతోనే ఒక చిన్న తేడా. పక్కపక్కన ఉండే జంట గొట్టాల కన్నా కింద ఒకటి పైన ఒకటి ఉండేవి కొత్తవాళ్లకు గురి నేర్చుకోవడానికి ఇంకా సులువు, కంటి ముందు ఒకే గీత కనపడుతుంది. ట్రాప్ పోటీల్లో, అంటే ఎగిరే మట్టిబిళ్లలను కొట్టే ఆటలో, అందరూ వాడేవి అవే. బికనీర్ కర్ణీ సింగ్ 1962లో ప్రపంచ పోటీల్లో వెండి పతకం తెచ్చిన ఆట, 2004లో ఏథెన్స్‌లో రాజ్యవర్ధన్ సింగ్ రాథోడ్ డబుల్ ట్రాప్‌లో వెండి తెచ్చిన ఆట ఇదే కుటుంబం. బావమరిది గారికి కాల్చాలన్న సరదా ఉంటే కుందేళ్ల మీద కాదు, ఎగిరే మట్టిబిళ్లల మీద తీర్చుకోమనండి. 11 సెంటీమీటర్ల బిళ్ల, ఎగిరి పోతుంటే కుందేలు కన్నా కష్టం.

రకం కంటే ముందు చూడాల్సింది కొలత. చెప్పులు సైజు చూడకుండా కొంటామా? కొట్టులో ఖాళీ తుపాకి అని మీరే చూసుకున్నాక, ఖాళీ గోడ వైపు కళ్లు మూసుకుని భుజానికి ఎత్తండి. కళ్లు తెరవండి. చూపు గొట్టం మీద సూటిగా మూతి చివర పూసకు పోతే ఆ తుపాకి మీది. మెడ సాగదీయాల్సి వచ్చినా, గొట్టం వెనక భాగమే అడ్డం కనపడినా కాదు. బట్, అంటే భుజానికి ఆనే వెనక చెక్క, పొడవు మామూలుగా 14 అంగుళాల దగ్గర ఉంటుంది, పొట్టిగా ఉంటే రబ్బరు ప్యాడ్ వేయొచ్చు, పొడవుంటే కోయొచ్చు.

దానికన్నా ముందు మీకు ఏ కన్ను బలమో చూసుకోండి. రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న కరెంటు స్తంభానికి వేలు చూపండి. ఎడమ కన్ను మూయండి. వేలు స్తంభం మీదే ఉంటే కుడి కన్ను బలం. పక్కకు జరిగితే ఎడమ కన్ను.

చెనక్కాయ రైతు:
ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ థ్యాంక్స్. అక్కా, మా ఊరు పార్కుకు పది కిలోమీటర్ల లోపలే ఉంటుందనుకుంటా, రేంజ్ ఆఫీసులో అడుగుతా.

ఇంకో విషయం చెప్పడం మర్చిపోయా. మా తాత తుపాకి ఒకటి ఇంట్లోనే ఉంది. ఒంటి గొట్టం. ఆయన పోయి ఎనిమిది నెలలు. అటక మీద గోనెలో చుట్టి పెట్టాం. లైసెన్స్ పుస్తకం కూడా ఉంది, తాత పేరు మీదే. దానికే నూనె రాసి వాడుకుంటే కొత్తది కొనే ఖర్చు తప్పుతుంది కదా?

వకీలు అక్క (తిరుపతి):
దాన్ని ముట్టుకోకండి. నూనె కూడా వద్దు.

తాత లైసెన్స్ తాతతోనే పోయింది. ఇప్పుడు మీ అటక మీద ఉన్నది లైసెన్స్ లేని ఆయుధం. 2019 సవరణ తర్వాత దీనికి కనీసం రెండేళ్లు, ఐదేళ్ల దాకా శిక్ష. టెన్షన్ పెట్టాలని చెప్పడం లేదు. దారి ఉంది. సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం లేకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ జమ చేయాలి. ఎనిమిది నెలలు ఆలస్యమైంది కాబట్టి ఒంటరిగా పోకండి. మీ ఊరి లాయర్‌ను వెంట పెట్టుకుని, మరణ ధ్రువపత్రం, పాత లైసెన్స్ పుస్తకం, ఒక అర్జీ తీసుకుని పోండి. ముందు ఫోన్ చేసి చెప్పండి, తుపాకి భుజాన వేసుకుని బస్సెక్కితే ఎర్రచందనం టాస్క్‌ఫోర్స్ వాళ్లు ముందు దించుతారు. రశీదులో తుపాకి నంబరు రాసి ఉందా లేదా చూసుకోకుండా బయటికి రావద్దు.

తర్వాత వారసుడిగా మీ పేరు మీద లైసెన్స్‌కు దరఖాస్తు చేయొచ్చు. మిగతా వారసులు అభ్యంతరం లేదని రాసివ్వాలి. అత్తల సంతకాలు కూడా, అవును.

పాత సుబేదార్ (చిత్తూరు):
జమ చేసేది వీలైతే డీలర్ దగ్గర చెయ్ నాయనా. ఎన్నికలప్పుడు నా తుపాకి ఒక స్టేషన్లో జమ చేస్తే మూడు నెలలకు ఎర్రగా తుప్పు పట్టి వచ్చింది. డీలర్ అయితే అద్దె తీసుకున్నా నూనె గుడ్డతో ఒకసారి తుడుస్తాడు.

అక్కడే మిస్త్రీ చేత నాలుగు పరీక్షలు చేయించు. చాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, ఎంత పొడవు? పాతవి చాలావరకు 65 మిల్లీమీటర్లు, ఇప్పటి తూటాలు కొన్ని 70. పెద్ద తూటా చిన్న చాంబర్‌లో లోపలికి పోతుంది, అదే ప్రమాదం. పేలినప్పుడు దాని మూతి విప్పుకోవడానికి చోటుండదు, ఒత్తిడి విపరీతంగా పెరుగుతుంది. గొట్టాన్ని వెలుతురు వైపు పెట్టి చూస్తే లోపల కాంతి వలయాలు గుండ్రంగా ఉండాలి, ఎక్కడైనా వంకర పోతే అక్కడ సొట్ట. చిన్న చిన్న గుంతలు కనపడితే అది తుప్పు తిన్న చోటు. ముందు చెక్క తీసేసి ఊపితే కీలు దగ్గర లటలటలాడకూడదు. గొట్టం మీద ప్రూఫ్ ముద్ర, అంటే కాల్చి పరీక్షించారని వేసే గుర్తు, ఉందా? గొట్టం మీద పాము చర్మంలా మెలికలు మెలికలుగా గీతలుంటే అది ఇనుప పట్టీలు మెలిపెట్టి చేసిన పాత డమాస్కస్ గొట్టం, గోడకు తగిలించుకో, ఇప్పటి తూటా వేయొద్దు.

గోనెలో చుట్టడం మాత్రం తప్పు. మనకు అక్టోబరు, నవంబరు ముసుర్లలో గోనె నీళ్లు పీల్చి ఇనుముకు అంటిస్తుంది.

పలమనేరు మామిడి తోట:
తమ్ముడూ, తుపాకి మాటలు బాగున్నాయి గానీ పందులు ఈ కారు పంటకే వస్తాయి, లైసెన్స్ ఈ కారుకు రాదు. మాకు కౌండిన్య అభయారణ్యం నుంచి ఏనుగులు కూడా దిగుతాయి. వాటిని తరమడానికి 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే శిక్షణ ఇచ్చిన ఏనుగులను, తెచ్చి మా దగ్గర ముసలిమడుగులో పెట్టారు. ఏనుగు ముందు పన్నెండు బోరు తీస్తే మనకే నష్టం.

మేము సోలార్ కంచె వేశాం. పందికైతే కింది తీగ నేలకు ఒక అడుగు లోపే ఉండాలి, పైన ఎన్ని తీగలు లాగినా అది కింద నుంచే దూరుతుంది. గడ్డి తగిలితే కరెంటు నేలకు పోతుంది, పది రోజులకోసారి కలుపు తీయాల్సిందే. నేరుగా మోటారు లైను నుంచి తీగ లాగొద్దు, చచ్చేది పంది కాదు, తెల్లారి నీళ్లు కట్టడానికి వచ్చిన మనిషి. నాటు బాంబులు కూడా అంతే, మా ఊళ్లో ఒక ఆవు దవడ పోయింది. పంట పోయినప్పుడల్లా ఫోటోలు తీసి ఫారెస్ట్ వాళ్లకు నష్టపరిహారం అర్జీ పెట్టు. రేపు అక్క చెప్పిన సెక్షన్ 11 అనుమతి అడిగినప్పుడు చూపించడానికి ఆ అర్జీలే ఉంటాయి.

చెనక్కాయ రైతు:
నెల రోజుల తర్వాత వస్తున్నా. తుపాకి జమ చేశాం, లాయర్ వెంట వచ్చాడు, కేసు ఏమీ కాలేదు. చాంబర్ 65. గొట్టం మధ్యలో వేలికి తగిలేంత సొట్ట ఉందని మిస్త్రీ చెప్పాడు. అటక మీద నుంచి ఎప్పుడో పడింది అని అమ్మ ఇప్పుడు చెబుతోంది. పార్కు హద్దు మా ఊరికి ఆరు కిలోమీటర్లట, కాబట్టి సమ్మతి కావాలి. ముగ్గురు అత్తల్లో ఇద్దరు సంతకం పెట్టారు. సోలార్ కంచె మాత్రం వేశాం, కింది తీగ తొమ్మిది అంగుళాలు.

ఒక సందేహం. కరెంటు స్తంభం పరీక్ష చేశా. నేను కుడిచేతి వాటం, బలం మాత్రం ఎడమ కన్ను. ఇప్పుడెట్లా?

మట్టిబిళ్లల షూటర్:
చాలామందికి ఉంటుంది. మీరు ఇంకా ఒక్క తూటా కూడా కాల్చలేదు కాబట్టి ఎడమ భుజం మీదే నేర్చుకోండి, చేతులు పది రోజుల్లో అలవాటు పడతాయి. అది అస్సలు కుదరకపోతే అద్దాలు పెట్టుకుని ఎడమ అద్దం మీద, గొట్టం చూపు పడేచోట రూపాయి బిళ్లంత టేప్ అంటించండి. జంట గొట్టంలో ట్రిగ్గర్‌ను ఆపే సేఫ్టీ మీట వెనక మధ్యలో ఉంటుంది, ఏ చేతికైనా ఒకటే. బట్ మాత్రం కుడివైపు వంపు తిరిగి ఉందేమో చూడండి, ఉంటే మీ చెంపకు తగులుతుంది.