వలసల పాఠంలో పిల్లల చేత ఇంటి కథలు చెప్పించాలా, వద్దా?

సిక్కోలు మాస్టారు:
ఎనిమిదో తరగతికి వలసల మీద ప్రాజెక్టు పెడుతున్నాం. ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లారో పిల్లలు అడిగి తెలుసుకుని క్లాసులో చెప్పాలి. వద్దని కొందరు టీచర్లు అంటున్నారు. చెప్పించాలనే నేనంటాను. మా తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ వెళ్లి బోట్ల మీద పనిచేస్తారు. 2018 నవంబరులో అలా వెళ్లినవాళ్లు పాకిస్తాన్‌కు పట్టుబడి, 2020 జనవరిలో వాఘా మీదుగా ఇల్లు చేరారు. ఆ ఊళ్ల పక్కనే పాఠం చెబుతూ ఈ మాట ఎత్తకుండా ఎలా ఉంటాం?

పాలమూరు బిడ్డ:
మీరు ఎత్తండి మాస్టారూ, పిల్లల్ని మాత్రం లేపి అడగకండి. మా అమ్మానాన్నలు కూలీలను గుంపుగా పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని పుణె వైపు మట్టి పనికి పోయేవాళ్లు. నేను అవ్వ దగ్గర ఉండి చదువుకున్నాను. అన్న అమెరికాలో ఉన్నాడని చెప్పే పిల్లాడికి, అప్పు తీర్చడానికి అమ్మ ఊరు విడిచిందని చెప్పే పిల్లాడికి క్లాసులో ఒకే మర్యాద దొరకదు. గల్ఫ్‌లో తండ్రి పోతే శవం కోసం వారాల తరబడి ఎదురుచూసిన ఇళ్లు కరీంనగర్, నిజామాబాద్ వైపు ఉన్నాయి. ఆ ఇంటి పిల్లను నిలబెట్టి ఏం చెప్పమంటారు?

విశాఖ వాణి:
తాతల కాలం నుంచి మొదలుపెట్టొచ్చు కదండీ. 1941 డిసెంబరులో బర్మాలోని రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది కొండలూ అడవులూ దాటుకుంటూ నడిచొచ్చారు. వాళ్లలో మన ఉత్తరాంధ్ర కూలీలు ఎంతోమంది. 1960ల్లో మళ్లీ బర్మా వదిలి వచ్చినవాళ్ల పేరుతోనే విశాఖలో బర్మా క్యాంపు ఉంది. అంతకుముందు కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుంచి మారిషస్ చెరకు తోటలకు వెళ్లారు. ఇవి చెబితే ఎవరి ఇంటి గుట్టూ బయటపడదు.

సిక్కోలు మాస్టారు:
వాణి గారూ, అవి చెబుతాను. కానీ అంతటితో ఆపితే వలస ఎప్పుడో అయిపోయిన సంగతని పిల్లలు అనుకుంటారు.

పెద్దపల్లి టీచర్:
అందరూ వెళ్లినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. మన దగ్గరికి వచ్చినవాళ్లో? మా వైపు ఇటుక బట్టీలకు ఒడిశాలోని బలంగీర్, నువాపడ నుంచి పిల్లాపాపలతో వచ్చి, వానలు పడే వేళకు తిరిగి వెళ్తారు. వాళ్ల పిల్లలకు ఒడియాలో చెప్పే బడులు కూడా నడిచాయి. మా క్లాసు పిల్లలకు వాళ్లు ఉత్త ‘బట్టీవాళ్లు’. ఆ మాట నాకు చాలా బాధగా ఉండేది. నేను ఎవరినీ సొంత కథ అడగలేదు. అడ్వాన్సు ఎలా తీరుతుంది, వెయ్యి ఇటుకలకు ఎంత ఇస్తారు, సగంలో వదిలిన బడి ఏమవుతుంది అన్న ప్రశ్నలతోనే పాఠం నడిపాను. కొన్నాళ్లకు ఒక అమ్మాయి తనంతట తానే వచ్చి, వాళ్ల నాన్న దుబాయ్‌లో ఏం పని చేస్తాడో చెప్పింది.

పాలమూరు బిడ్డ:
మేడం, ఇలాగైతే నాకు అభ్యంతరం లేదు. ఇష్టమున్నవాళ్లే రాయాలి, మార్కులు ఉండకూడదు, కాగితాలు గోడకు అంటించకూడదు.

సిక్కోలు మాస్టారు:
మార్కులు తీసేస్తాను తమ్ముడూ. ఇష్టమున్నవాళ్లే రాస్తారు. గోడ సంగతి మాత్రం రాసిన పిల్లలనే అడుగుతాను. తండ్రి కష్టం నలుగురికీ తెలియాలని కోరుకునే పిల్లలూ ఉంటారు, వాళ్లను నేను ఆపలేను.