ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ కారుకి సమ్మర్ టైర్లు: కాంటినెంటలా, మిషెలినా, గుడ్‌ఇయరా?

స్టుట్‌గార్ట్_గోల్ఫ్ అడిగారు:

అందరికీ నమస్తే. మాది 2017 గోల్ఫ్ వేరియంట్ (వెనక డిక్కీ పెద్దగా ఉండే మోడల్), టైరు సైజు 205/55 ఆర్16 91వి. సమ్మర్ టైర్లు కారుతో పాటు వచ్చినవే. ట్రెడ్ (టైరు మీది గాళ్ల లోతు) 3 మిల్లీమీటర్లు మిగిలింది. చట్టం 1.6 వరకు ఒప్పుకుంటుంది కాబట్టి ఈ ఏడు లాగించేద్దామనుకున్నాను. వింటర్ టైర్లు విప్పించడానికి వెళ్తే మెకానిక్ ఆ సమ్మర్ టైర్ల పక్కగోడల మీద సన్నటి పగుళ్లు చూపించి తల అడ్డంగా ఊపాడు.

నేను ఆఫీసుకి రైల్లోనే వెళ్తాను. కారు పిల్లల కోసం, సరుకుల కోసం, శని ఆదివారాల కోసం. ఏడాదికి తొమ్మిది వేల కిలోమీటర్లు దాటదు. కాకపోతే జులైలో అమ్మానాన్న గుంటూరు నుంచి వస్తున్నారు. అందరం ఆల్ప్స్ కొండల్లోని బ్రెన్నర్ కనుమ మీదుగా ఇటలీ వెళ్లాలని ప్లాన్. కారు నిండా మనుషులు, పైన రూఫ్ బాక్స్.

నేను చూసినవి: కాంటినెంటల్ ప్రీమియంకాంటాక్ట్ 7, మిషెలిన్ ప్రైమసీ 4 ప్లస్, గుడ్‌ఇయర్ ఎఫిషియంట్‌గ్రిప్ పెర్ఫార్మెన్స్ 2. ధరల్లో పెద్ద తేడా లేదు. మా ఆవిడేమో ఏడాదంతా వాడే ఆల్ సీజన్ టైర్లు వేయించేస్తే ఏడాదికి రెండుసార్లు ఈ గోల ఉండదంటోంది. వింటర్ సెట్ చూస్తే ఇంకా కొత్తగానే ఉంది. ఏం చేయమంటారు?

మైంజ్_కమ్యూటర్:

బ్రో, గుడ్‌ఇయర్ వేయించు, మళ్లీ ఆలోచించకు. నేను రోజూ ఆటోబాన్ (జర్మనీ హైవే) మీదే. ఏడాదికి ముప్పై వేలు తిరుగుతాను. అరుగుదల చాలా నిదానం, శబ్దం కూడా తక్కువే.

మ్యూనిక్_టైర్‌పిచ్చి:

పైన తమ్ముడు చెప్పింది ఆయనకి సరిపోతుంది, మీకు కాదు. లెక్క చూడండి. మీ తొమ్మిది వేలలో దాదాపు సగం చలికాలంలోనే పోతుంది. అంటే సమ్మర్ సెట్ మీద ఏడాదికి అయిదు వేలు, మహా అయితే అయిదున్నర. ఎనిమిదేళ్లకి నలభై నాలుగు వేలు. ఈ మూడింట్లో ఏది కొన్నా దాదాపు అంత దూరం లాగుతుంది. అప్పటికి రబ్బరు గట్టిపడి, ఇప్పుడు మీ మెకానిక్ చూపించినట్టే పగుళ్లు వస్తాయి. మీ చేతిలో టైరు అరిగి పోదు, ముసలిదై పోతుంది. అలాంటప్పుడు ఎక్కువ కాలం వస్తుందన్న గుణానికి డబ్బు పెట్టి లాభమేముంది?

మీకు కావాల్సింది వానలో బ్రేకు. పిల్లలు వెనక కూర్చుంటారు, ఆల్ప్స్ దారిలో వేసవి వాన ఎప్పుడు కుమ్మరిస్తుందో తెలియదు. నా ఓటు కాంటినెంటల్‌కే. మెత్తగా ఉంటుంది, త్వరగా అరుగుతుందని దానికి పేరుంది కానీ, మీ వాడకానికి అది లోపమే కాదు. రెండోది మిషెలిన్. సగం అరిగాక కూడా తడి రోడ్డు మీద పట్టు తగ్గకూడదని చూసుకుని చేసిన టైరు అది. ఒక్క జాగ్రత్త: మిషెలిన్‌లోనే ఇ.ప్రైమసీ అని ఇంకోటి ఉంది. అది ఇంధనం ఆదా కోసం చేసింది, తడిలో గ్రేడ్ ఎక్కువ సైజుల్లో బి, అంటే ఏ కంటే ఒక మెట్టు తక్కువ. పేరు దగ్గరగా ఉంది కదా అని కౌంటర్‌లో అది అంటగట్టించుకోకండి.

యూరప్‌లో టైర్లకి గ్రేడ్‌లు ఇచ్చే లేబుల్ చూసి తేల్చేద్దామనుకుంటే కుదరదు. అందులో ఇంధనం, తడి గ్రిప్, శబ్దం, ఈ మూడే ఉంటాయి. ఆ తడి గ్రేడ్ కూడా కొత్త టైరుకి ఇచ్చిందే. ఎన్నాళ్లు వస్తుందో, పొడి రోడ్డు మీద ఎంత దూరంలో ఆగుతుందో, నిలిచిన నీళ్ల మీద కారు తేలుతుందో లేదో అందులో కనపడదు. జర్మనీ వాహనదారుల క్లబ్ ఏడీఏసీ 2023లో సరిగ్గా మీ సైజులోనే 50 టైర్లు పరీక్షించింది. మార్కుల్లో 70 శాతం భద్రతకి, 30 శాతం పర్యావరణానికి. టేబుల్‌లో మొత్తం మార్కు వదిలేసి తడి రోడ్డు కాలమ్ చదవండి. ప్రీమియంకాంటాక్ట్ 7 సరిగ్గా ఆ ఏడాదే వచ్చింది కాబట్టి, అందులో దాని పాత మోడల్ 6 ఉంటుంది.

ఆల్ సీజన్ చెడ్డదేం కాదు. ఊళ్లోనే తిరిగే రెండో కారుకి నేనే వేయించుకుంటాను. కానీ నిండు లోడుతో, మండే ఎండలో ఇటలీ వెళ్లే కారుకి వద్దు. పైగా వింటర్ సెట్ బాగుందంటున్నారు, దాన్నేం చేస్తారు? వదినగారికి నా తరఫున సారీ చెప్పండి.

డ్రెస్డెన్_పులిహోర:

కొంచెం చౌకలో కావాలంటే వ్రెడెస్టైన్ కూడా చూడండి. డచ్ కంపెనీ అయినా 2009 నుంచి మన అపోలో వాళ్లదే. మా తిరుపతి జిల్లా చిన్నపాండూరులో అపోలోకి పెద్ద ఫ్యాక్టరీ ఉంది, అందుకే నాకు కాస్త పక్షపాతం :)

స్టుట్‌గార్ట్_గోల్ఫ్:

థాంక్స్ అందరికీ. కాంటి ఆర్డర్ పెట్టేస్తాను. ఇంట్లో మాట్లాడి ఒప్పించాను, దానికి బదులు టైర్లు మార్పించే డ్యూటీ పూర్తిగా నాదే అని తేలింది. ఒక్క డౌట్: ఇటలీకి వెళ్లేటప్పుడు గాలి ఎంత పట్టించాలి?

మ్యూనిక్_టైర్‌పిచ్చి:

పెట్రోల్ మూత లోపల స్టిక్కర్ ఉంటుంది. సగం లోడుకి ఒక అంకె, నిండు లోడుకి ఇంకో అంకె. నిండు లోడుకి ఉన్నదే పట్టించండి, వెనక చక్రాలకి అది బాగా ఎక్కువ ఉంటుంది. పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. దారి మధ్యలో చూస్తే ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేయొద్దు. మీ సైజులో 91 అంటే ఒక్కో టైరు 615 కిలోలు మోస్తుంది, కానీ గాలి సరిగ్గా ఉంటేనే.

బిగించే ముందు తయారీ తేదీ చూడండి. టైరు పక్కన డాట్ (DOT) అని రాసిన చోట చివరి నాలుగు అంకెలు: 1125 అంటే 2025లో 11వ వారం. రెండేళ్లు గోదాములో పడున్న సరుకు ఇస్తే వెనక్కి పంపండి. బిగించాక ఓ 50 కిలోమీటర్లు తిరిగి బోల్టులు మళ్లీ చెక్ చేయించుకోండి. ఆ తర్వాత పెట్టెలు సర్దుకోండి.