ముఖం నరం ఆపరేషన్‌లో బీపీ ఎగసిపడితే తప్పు ఎవరిది?

గుణుపురం కుర్రోడు:
మా నాన్నకి 71. కుడి దవడలో కరెంటు కొట్టినట్టు నొప్పి, ట్రైజెమినల్ న్యూరాల్జియా అనే ముఖం నరం నొప్పి. ముఖం కడుక్కున్నా, గాలి తగిలినా వచ్చేస్తుంది. నరం నొప్పికిచ్చే కార్బమజెపిన్ మాత్ర బాగానే పనిచేసింది గానీ రక్తంలో సోడియం పడిపోయి తూలిపోతున్నారు. విశాఖలో బెలూన్ చికిత్స చేయించుకోమన్నారు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. ఆపరేషన్‌లో బీపీ తేడా చేస్తుందట, నిజమేనా?

పర్లాకిమిడి అప్ప:
థియేటర్లో 22 ఏళ్లు నర్సుగా చేశాను బాబూ, నిజమే. బుగ్గలోంచి సూదిని పుర్రె అడుగునున్న కన్నం గుండా నరం ముడి దాకా పోనిచ్చి, చిన్న బెలూన్ ఉబ్బించి ఆ ముడిని నొక్కుతారు. ఆ కన్నం దాటేటప్పుడు, బెలూన్ ఉబ్బించేటప్పుడు నాడి, బీపీ ఒక్కసారిగా పడిపోవచ్చు. ముఖంలో స్పర్శ, నొప్పి తెలిపే ఈ ట్రైజెమినల్ నరానికీ, గుండెను నెమ్మదించే వేగస్ నరానికీ మెదడు కాండంలో లంకె ఉంది. ట్రైజెమినో కార్డియాక్ రిఫ్లెక్స్ అంటారు. డాక్టరు చెయ్యి ఆపితే చాలాసార్లు దానంతటదే తేరుకుంటుంది, నాడిని పెంచే మందు అట్రోపిన్ పక్కనే ఉంటుంది. ఒక్కోసారి బీపీ పైకీ ఎగురుతుంది. వేడితో నరాన్ని మాడ్చే పద్ధతిలోనూ అలా అవుతుంది. కంగారు పడక్కర్లేదు.

రాయగడ మాస్టారు:
కంగారు పడక్కర్లేదా? మా అమ్మకి ఆ వేడి పద్ధతే చేశారు. సూది దిగేసరికి పై బీపీ 210. మెదడులో రక్తస్రావం. ఎడమ చెయ్యి ఇప్పటికీ లేవదు. రిఫ్లెక్స్ అని పేరు పెట్టేస్తే సరిపోతుందా?

పర్లాకిమిడి అప్ప:
ఆ పొద్దున బీపీ మాత్ర వేశారా?

రాయగడ మాస్టారు:
దానికీ దీనికీ ఏటండీ సంబంధం?

పర్లాకిమిడి అప్ప:
ఉంది. ఆమ్లోడిపిన్, మెటోప్రొలాల్ లాంటివి మామూలుగా ఆ పొద్దునా గుక్కెడు నీళ్లతో వేయమంటారు. టెల్మిసార్టాన్ లాంటివి మత్తులో బీపీ మరీ దిగిపోతుందని చాలాచోట్ల ఆపుతారు. వేశారా, లేదా?

జైపూర్ వాసి:
మా పెదనాన్నకి చెవి వెనక పుర్రె తెరిచి, నరాన్ని ఒత్తుతున్న రక్తనాళాన్ని జరిపి మధ్యలో టెఫ్లాన్ పెట్టారు. 4 ఏళ్లుగా మాత్రే లేదు. అదే మేలు.

పర్లాకిమిడి అప్ప:
అందులోనూ నరాన్ని తాకితే నాడి పడొచ్చు. మాస్టారూ, నా ప్రశ్నకి జవాబు?

రాయగడ మాస్టారు:
వెయ్యలేదు! రాత్రి 12 దాటాక నోట్లో ఏమీ పెట్టొద్దన్నారు, మంచినీళ్లతో సహా. 30 ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, చెప్పింది చెప్పినట్టు చేశాను. అమ్మ "నా బిళ్ల ఏదిరా" అని రెండుసార్లు అడిగింది. నేనే వద్దన్నాను. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది. ఒడిశాలో ఉన్నాం కాబట్టి ఆంధ్రా ఆరోగ్యశ్రీ మనకి వర్తించదు, అప్పు చేసి కట్టాం. బీపీ ఇలా ఎగరొచ్చని ఒక్కరూ నోరు విప్పలేదు.

పర్లాకిమిడి అప్ప:
నేను మొరటుగా అడిగాను, మన్నించండి. మాత్ర వేసి ఉంటే లేచేది కాదని ఎవరూ చెప్పలేరు. లేచినదాన్ని దించడం థియేటర్లో వాళ్ల పని, లాబెటలాల్ ఉన్నది అందుకే. ఆ తప్పు మీ మీద వేసుకోకండి. కానీ ఈ అబ్బాయిని బెదరగొట్టొద్దు. ఈ నొప్పికి తిండి మానేసి చిక్కిపోయినవాళ్లని చూశాను. ఉన్న ప్రమాదాలన్నీ చెబితే ఆపరేషన్ బల్ల ఎక్కేవాళ్లుండరు.

రాయగడ మాస్టారు:
ఎక్కకపోతే అది వాళ్లిష్టం. నేను ఆపమనడం లేదమ్మా. విని, ఒప్పుకుని ఎక్కాలంటున్నాను. మా అమ్మకి ఆ అవకాశమే రాలేదు.

పర్లాకిమిడి అప్ప:
మేం రోగి ధైర్యం చెడకూడదని చెప్పేవాళ్లం కాదు. మీ అమ్మగారి సంగతి విన్నాక అది సరేనని అనలేకపోతున్నాను.

గుణుపురం కుర్రోడు:
ఇవాళ మత్తు డాక్టరుకి ఫోన్ చేశాను. ఆమ్లోడిపిన్ పొద్దున 5 గంటలకి రెండు గుక్కల నీళ్లతో వేయమన్నారు. నాడి పడే సంగతి, బీపీ ఎగిరే సంగతి నాన్నకే తెలుగులో చెప్పమని అడిగాను. బుధవారం రమ్మన్నారు. సంతకం నాన్నే పెడతానన్నారు.