హిడింబికి పాండవులు అన్యాయం చేశారా?

కృష్ణాతీరం:
లక్క ఇంటి నుంచి బయటపడి పాండవులు అడవిలోకి వస్తారు. అలసిపోయి అందరూ నిద్రపోతుంటే భీముడు ఒక్కడే కాపలా. మనుషుల వాసన తగిలి హిడింబాసురుడు వాళ్లను చంపి తెమ్మని చెల్లెలు హిడింబిని పంపుతాడు. ఆమె భీముణ్ణి చూసి మనసు పారేసుకుంటుంది. మాయతో అందమైన ఆడమనిషి రూపం తెచ్చుకుంటుంది కానీ అబద్ధం ఆడదు. నేను రాక్షసిని, మా అన్న పంపాడు, నాతో వస్తే నిన్ను కాపాడతాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తుంది.

ఆ తర్వాతిది చాలామందికి గుర్తుండదు. హిడింబాసురుణ్ణి చంపాక భీముడు ఆమె మీదికే తిరుగుతాడు. రాక్షసులు పగ మరచిపోరు, మాయలు చేస్తారు, నువ్వూ మీ అన్న వెళ్లిన దారినే వెళ్లు అంటాడు. ధర్మరాజు అడ్డుపడకపోతే అక్కడే ప్రాణం పోయేది. తనను కాపాడతానని వచ్చిన మనిషితో అనే మాటేనా అది? చివరికి ఆమె కుంతి ముందు చేతులు జోడించి, నా వాళ్లందరినీ వదిలేసి నీ కొడుకును భర్తగా కోరుకున్నాను అని వేడుకుంటుంది. అప్పుడు ఒప్పుకున్నారు, అదీ షరతులతో. పగలు మాత్రమే కలిసి ఉండాలి, పొద్దు గుంకేసరికి భీముణ్ణి తిరిగి అప్పగించాలి. కొడుకు పుట్టేదాకానే ఉంటానని భీముడి గడువు. ఘటోత్కచుడు పుట్టాడు, ఆమె దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. దీన్ని పెళ్లి అనడానికి నాకు మనసొప్పదు.

పాతపుస్తకం:
కృష్ణాతీరం గారూ, సందర్భం కూడా చూడాలి కదండీ. వాళ్లు చచ్చిపోయారని దుర్యోధనుడు నమ్ముతున్న సమయం అది. తల్లినీ అన్నదమ్ములనూ ఎత్తుకుని నడిచింది భీముడు, రాత్రి మేలుకున్నదీ భీముడే. చీకటి పడ్డాక అతను పక్కన లేకపోతే ఆ ఐదుగురికీ దిక్కెవరు? పైగా తీసుకెళ్లి మళ్లీ తెచ్చి అప్పగిస్తాను, నన్ను నమ్మండి అని ముందు అన్నది హిడింబే. ధర్మరాజు ఆ మాటకు వేళ పెట్టాడు, అంతే.

రాక్షసి కాబట్టే వదిలేశారనడమూ సరికాదు. చిత్రాంగద మణిపురం రాజకుమారి, శుద్ధ మానవ స్త్రీ. ఆమెనూ అర్జునుడు పుట్టింట్లోనే వదిలి వెళ్లాడు. అర్జునుడి ఇంకో భార్య, నాగకన్య ఉలూచి సంగతీ అంతే.

మంజీర:
మీరిద్దరూ భీముడి దగ్గరే ఆగిపోయారు. నాకు ఆ అన్న కనిపిస్తున్నాడు. చెల్లెలు పరాయి వాణ్ణి కోరుకుందని తెలియగానే, వంశానికి మచ్చ తెచ్చావు, వాళ్లతో పాటు నిన్నూ చంపుతాను అని మీదికొస్తాడు. మన ఊళ్లలో కులం కాని వాణ్ణి చేసుకున్న ఆడపిల్లల వార్తలు చదివేటప్పుడు నాకు ఈ ఘట్టమే గుర్తొస్తుంది. అటు అన్న చంపుతానన్నాడు, ఇటు కోరుకున్నవాడూ చంపుతానన్నాడు. ఆ రెండింటి మధ్య నిలబడి తన మాట తనే చెప్పుకుంది చూడండి, ఆ ధైర్యం గురించి ఎవరూ మాట్లాడరేం?

కృష్ణాతీరం:
మంజీర గారూ, మీరు చెప్పింది నిజం, ఆ కోణం నేను రాయాల్సింది.

పాతపుస్తకం గారూ, కాపలా సంగతి ఒప్పుకుంటాను. కానీ ఉలూచి, చిత్రాంగద అశ్వమేధం నాటికి హస్తినాపురం వచ్చారు. కుంతి, ద్రౌపది, సుభద్ర వాళ్లను ఆదరించారు. ఆ వరసలో హిడింబి ఏది? ఆమె కొడుకును మాత్రం అవసరమైనప్పుడల్లా పిలిచారు. అరణ్యవాసంలో గంధమాదనం దారిలో ద్రౌపది సొమ్మసిల్లితే మోసుకెళ్లింది ఘటోత్కచుడు. యుద్ధంలో పద్నాలుగో రాత్రి, కర్ణుడు అర్జునుడి కోసం దాచుకున్న శక్తి ఆయుధానికి బలైందీ అతనే. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు అర్జునుణ్ణి కౌగిలించుకుని ఆనందంతో నాట్యం చేశాడు. కర్ణుడు చంపకపోతే నేనే చంపాల్సి వచ్చేది అని కూడా అన్నాడు. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

పాతపుస్తకం:
ఆ పక్కనే ధర్మరాజు దుఃఖం కూడా ఉంది, అది వదిలేయకండి. ద్రౌపదిని వీపున మోసినవాడు, చిన్నప్పటి నుంచీ మా పనులు చేసిపెట్టినవాడు అని తలచుకుని కుమిలిపోతాడు. కోపం పట్టలేక తనే కర్ణుడి మీదికి బయల్దేరితే వ్యాసుడు వచ్చి ఆపాల్సి వచ్చింది. కొడుకుగా చూడని వాళ్లు అలా ఏడవరు.

కొండదారి:
మనాలిలో హిడింబ గుడి చూసినవాణ్ణి, అందుకని ఒక మాట. దేవదారు చెట్ల మధ్య చెక్కతో కట్టిన గుడి, అంతస్తులుగా పైకప్పు, గోడలకు జంతువుల కొమ్ములు. లోపల పెద్ద విగ్రహం ఉండదు, రాతి మీద ఆమె పాదముద్రలకే మొక్కుతారు. 1553లో రాజా బహదూర్ సింగ్ కట్టించాడు. కులు రాజవంశం ఆమెను నాయనమ్మగా కొలుస్తుంది, ఆమె రాకుండా కులు దసరా మొదలవదు. అక్కడి వాళ్లకు ఆమె వదిలేసిన భార్య కాదు, ఊరిని కాచే తల్లి.

కృష్ణాతీరం:
కొండదారి గారూ, చదువుతుంటే సంతోషమేసింది. అయితే ఆ గౌరవం ఇచ్చింది కులు జనం, పాండవులు కాదు.

పాతపుస్తకం గారూ, ధర్మరాజు కొడుకు కోసం ఏడ్చాడు, సరే. యుద్ధం ముగిశాక వచ్చే స్త్రీపర్వంలో గాంధారి ఏడుస్తుంది, ఉత్తర ఏడుస్తుంది, ద్రౌపదిని కుంతి ఓదారుస్తుంది. కొడుకును పోగొట్టుకున్న హిడింబి అక్కడ లేదు. ఆమెకు ఎవరైనా కబురు పెట్టినట్టు మీరు ఎక్కడైనా చదివి ఉంటే చెప్పండి, వింటాను.