కీమో అయ్యాక అమ్మ మంచం దిగట్లేదు, ఇంత నీరసం మామూలేనా?

అమ్మకి 52 ఏళ్ళు, బ్రెస్ట్ క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక ఏసీ అనే కీమో మొదలుపెట్టారు, అదే ఆ ఎర్ర మందు, 21 రోజులకోసారి మొత్తం 4, మొన్నటితో రెండోది అయింది. ఎక్కించిన రోజూ మర్నాడూ బానే తిరుగుతుంది, మూడో రోజు నుంచి ఇక లేవదు, రాత్రంతా పడుకుని లేచినా ఒళ్ళు పిండేసినట్టుంది అంటుంది, నోరంతా ఇనుము నాకినట్టుందని కంచం పక్కకి నెట్టేస్తుంది. చూడ్డానికొచ్చిన చుట్టాలేమో "ఊరికే పడుకుంటే నీరసం రాదా, లేచి తిరుగు" అనేసి వెళ్తున్నారు, వాళ్ళు వెళ్ళాక ఏడుస్తుంది. పోనీ డాక్టర్‌తో చెప్తుందా అంటే అక్కడ "బానే ఉన్నానండి" అంటుంది. నాకేం చేయాలో తెలీట్లేదు.

జవాబు 1
చెల్లీ, నాకు కీమో అయి మూడేళ్ళైంది. మొదటి రెండ్రోజులు బావుండేది వాంతులు రాకుండా ఇచ్చే స్టెరాయిడ్ వల్ల, అది దిగాక ఒక్కసారిగా పడిపోతాం. ఇది నిద్రపోతే తీరే అలసట కాదు, బద్ధకం అసలే కాదు, ముందు ఇంట్లోవాళ్ళు అది నమ్మాలి. నేనూ డాక్టర్ దగ్గర బానే ఉన్నాననేదాన్ని, పాపం ఆయనకి ఎంతమంది పేషెంట్లో అని. మా ఆడపడుచు రోజూ నీరసానికి 0 నుంచి 10లో ఎంతో అడిగి నోట్‌బుక్‌లో రాసేది, నిద్ర, వికారం, నోటిపూత, తిన్నది అన్నీ. మూడో కీమోకి అది చూసి డాక్టర్ బ్లడ్ టెస్ట్ రిపోర్ట్ మళ్ళీ తీసి చూశారు, హిమోగ్లోబిన్ 8 దగ్గరుంది, దానికి ట్రీట్‌మెంట్ ఇచ్చాక కాస్త మనిషినయ్యాను. నడక మంచిదే, కానీ ఆ మూడు నాలుగు రోజులు బలవంతం చేయొద్దు. తర్వాత తనకి ఓపికున్న పూట వాకిట్లో 5 నిమిషాలతో మొదలుపెట్టించండి.

జవాబు 2
క్యాన్సర్ వార్డులో నర్సుగా చేస్తాను. కీమో ఎక్కించాక 7వ రోజు నుంచి 14 దాకా ఇన్‌ఫెక్షన్‌తో పోరాడే తెల్లకణాలు బాగా తగ్గుతాయి, ఆ రోజుల్లోనే కాదు ఎప్పుడైనా సరే జ్వరం 100.4 దాటితే పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు, అర్ధరాత్రైనా హాస్పిటల్‌కి తీసుకెళ్ళిపోండి. ఆయాసం, గుండెదడ ఉన్నా వెంటనే చెప్పాలి. ఇంకోటి, ఎవరో చెప్పారని ఆకు రసాలు, పొడులు డాక్టర్‌నడక్కుండా ఇవ్వకండి. స్టీల్ గ్లాసు బదులు గాజు గ్లాసు వాడి చూడండి, కొందరికి ఆ ఇనుము రుచి తగ్గుతుంది.

ప్రశ్న అడిగినావిడ
ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఇవాళే నోట్‌బుక్ తెచ్చాను. నీరసం 8 అని నేనే రాస్తుంటే అమ్మ చూసి "8 కాదే, 9 వెయ్యి" అంది. ఇన్ని రోజుల్లో తనంతట తను చెప్పడం ఇదే మొదటిసారి. శుక్రవారం డాక్టర్ దగ్గరికి పట్టుకెళ్తున్నా.